ఎత్తు పెంచారు సరే, కోణం చూశారా?

ఈ కాలమ్‌కి వచ్చే మెసేజుల్లో ఒక రకం ఉంటుంది. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, బండి మారుతుంది. మ్యాటర్ మాత్రం సేమ్. "అన్నా, ఫోర్ బై ఫోర్‌కి రెండు అంగుళాల లిఫ్ట్ వేయించా. లుక్ కిరాక్ ఉంది. కానీ 60 దాటగానే కింద నుంచి గుయ్‌మని ఒకటే వైబ్రేషన్. వీల్ బ్యాలెన్సింగ్ చేయించా, తగ్గలేదు. ఏం మార్చాలి?"

ముందు ఏమీ మార్చకండి. కొలవండి. ఈ వారం ముచ్చట మొత్తం అదే.

మా బాబాయి కొడుకుది కూడా ఇదే కథ. వాడిది సెకండ్‌హ్యాండ్ మారుతి జిప్సీ. 1985లో మన రోడ్ల మీదకి వచ్చి, పోలీసుల దగ్గరా ఆర్మీ దగ్గరా ఏళ్లకేళ్లు పనిచేసిన మోడల్. జీతంలోంచి మిగుల్చుకుని కొన్నాడు. వెనక కమాన్ పట్టీలకి పొడవు షాకిళ్లు వేయించి బండిని రెండు అంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు పైకి లేపాడు. వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో తిరగడానికి సూపర్ అనుకున్నాడు. గుట్ట దాకా వెళ్లే రోడ్డు మీదే మొదలైంది గోల. 65 దగ్గర సీటు కింద ఝుమ్మంటుంది, 75 దగ్గర అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది.

ఒక గ్యారేజీలో టైర్లన్నారు, రెండు మార్చాడు. ఇంకోచోట ఇంజిన్ మౌంటింగులన్నారు, అవీ మార్చాడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు ఏడాదిలో మూడుసార్లు పోయాయి. మొత్తం 38 వేలు. మా పిన్ని అయితే ఆ బండి ఎక్కనని తెగేసి చెప్పింది. చివరికి వాడు అమ్మకానికి ఫొటోలు తీసి పెట్టుకున్నాడు. "అన్నా, ఇంక నా వల్ల కాదు" అన్నాడు. "అమ్మే ముందు ఒక్క శనివారం నాకియ్యి రా" అన్నాను.

కోఠికి ఎందుకు వెళ్లాం?

బండి ఇంటి దగ్గరే పెట్టి మెట్రోలో సుల్తాన్ బజార్‌లో దిగాం. కోఠికి కారేసుకుని వెళ్లి పార్కింగ్ వెతికే ఓపిక ఎవరికుంది? మాకు కావాల్సినవి మూడు. మూడూ అక్కడ నడిచే దూరంలో దొరుకుతాయి.

ఒకటి, ట్రూప్ బజార్ హార్డ్‌వేర్ షాపుల్లో అయస్కాంతం ఉన్న చిన్న డిజిటల్ యాంగిల్ గేజ్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఇనుముకి అంటుకుంటుంది, ఎన్ని డిగ్రీల వాలు ఉందో తెర మీద చూపిస్తుంది. కొన్ని వందల్లో వచ్చేస్తుంది.

రెండు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో "థియరీ ఆఫ్ మెషిన్స్". మెకానికల్ బీటెక్ చదివినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది, అందులో హుక్స్ జాయింట్ అని ఒక పాఠం వస్తుంది. పరీక్షకి రెండు రోజుల ముందు ఫార్ములా బట్టీ పట్టి, పరీక్ష అవ్వగానే మర్చిపోయే పాఠం. మావాడు కూడా మెకానికలే. ఆ పేజీ తీసి చూపిస్తే, "అన్నా, ఇది నా బండి కిందుందా?" అన్నాడు. కిందే ఉంది మరి.

మూడు, పుత్లీబౌలీ స్పేర్ పార్టుల షాపుల్లో క్రాస్. పాతది చేతికిస్తే షాపాయన బేరింగ్ కప్పు విప్పి వెలుతురులో పెట్టి చూశారు. లోపల గ్రీజు లేదు, ఎర్రటి తుప్పు పొడి ఉంది. సూదుల్లాంటి నీడిల్ బేరింగులు క్రాస్ కాళ్ల మీద గీతలు గీసి పెట్టాయి. "ఎన్నోది బేటా ఇది?" అన్నారు. "నాలుగోది అంకుల్." "క్రాస్ ఖరాబ్ అయితలేదు. క్రాస్‌ని ఖరాబ్ చేస్తున్నరు. బండి లేపినవా?" చూడకుండానే పట్టేశారు! కొత్త క్రాస్ మాత్రం అమ్మారు లెండి, వ్యాపారం వ్యాపారమే.

ఇంతకీ ఆ షాఫ్ట్ ఏం చేస్తుంది?

జిప్సీలో ఇంజిన్, దాని వెనక గేర్‌బాక్స్, అక్కడి నుంచి ఒక పొట్టి షాఫ్ట్, తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు ఇరుసుకి ఒకటి, వెనక ఇరుసుకి ఒకటి ప్రొపెల్లర్ షాఫ్టులు. ట్రాన్స్‌ఫర్ కేస్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. ఇరుసు మాత్రం గుంతలో దిగుతూ లేస్తూ ఉంటుంది. అందుకే షాఫ్ట్ రెండు చివర్లా వంగే కీలు ఉండాలి. ఆ కీలే యూనివర్సల్ జాయింట్. మన మెకానిక్కుల భాషలో క్రాస్. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ దీని మీద పనిచేశాడు కాబట్టి హుక్స్ జాయింట్. అంతకుముందే ఇటలీలో కార్డానో దీని గురించి రాశాడు కాబట్టి కార్డన్ జాయింట్.

ఈ కీలుకి ఒక వంకర బుద్ధి ఉంది. వంగి తిరిగినప్పుడు, ఇటు నుంచి సమానమైన వేగం ఇచ్చినా అటు సమానంగా రాదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఎంత? 3 డిగ్రీలు వంగితే అటూ ఇటూ 0.14 శాతం. ఎవరికీ తెలియదు. 9 డిగ్రీలు వంగితే దాదాపు 1.25 శాతం. కోణం మూడు రెట్లు పెరిగితే ఊపు తొమ్మిది రెట్లు పెరిగింది, గమనించారా? షాఫ్ట్ నిమిషానికి 2,200 చుట్లు తిరుగుతుంటే, దాని వేగం 2,173కీ 2,227కీ మధ్య సెకనుకి 70 సార్లకి పైగా పడుతూ లేస్తూ ఉంటుంది. సీటు కింద ఝుమ్మనేది అదే.

మరి కంపెనీ బండిలో ఎందుకు రాదు? కింద ఇంకో జాయింటు ఉంది కదా. పై జాయింటు పెట్టిన గొడవని కింది జాయింటు సరిగ్గా వ్యతిరేకంగా తిరిగి తీర్చేస్తుంది. కాకపోతే దానికి రెండు షరతులు. రెండు జాయింట్ల కోణాలూ సమానంగా ఉండాలి. షాఫ్ట్ రెండు చివర్ల యోకులు ఒకే వరుసలో ఉండాలి. కంపెనీ ఈ రెండూ చూసుకునే బండి బయటికి పంపుతుంది. మనం లిఫ్ట్ వేయించినప్పుడు మొదటి షరతు తప్పుతుంది. షాఫ్ట్ విప్పి స్లిప్ జాయింట్ ఒక పన్ను అటూ ఇటూగా బిగిస్తే రెండోదీ తప్పుతుంది. అందుకే విప్పే ముందు పెయింట్‌తో గుర్తు పెట్టమని మీ మెకానిక్‌కి చెప్పండి. పైసా ఖర్చు లేదు.

టైరా, షాఫ్టా?

కొలతలకి ముందు ఈ సంగతి తేలాలి. లెక్క సింపుల్. జిప్సీ 205/70 ఆర్15 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. 70 స్పీడులో చక్రం సెకనుకి 9 చుట్లు. డిఫరెన్షియల్ నిష్పత్తి 4కి దగ్గర అనుకుంటే షాఫ్ట్ సెకనుకి 37 చుట్లు. కాబట్టి టైరు తేడా అయితే సెకనుకి 9 ఊపులు, స్టీరింగూ సీటూ దడదడమని ఊగుతాయి. షాఫ్ట్ బ్యాలెన్స్ తేడా అయితే సెకనుకి 37. కోణం తేడా అయితే చుట్టుకి రెండు కాబట్టి 74, తుమ్మెద రొదలా ఉంటుంది.

చెవికి తేడా తెలియట్లేదా? జేబులో ఫోన్ ఉంది కదా. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్‌లో, ఫోన్ సెన్సర్‌తో కదలిక సెకనుకి ఎన్నిసార్లో చూపించే గ్రాఫ్ ఉంది. ఫోన్‌ని ఫ్లోర్ మీద టేపుతో అంటించి, పక్క సీటువాళ్లని చూడమనండి. నడిపేవాళ్లు రోడ్డు చూడండి. మావాడి గ్రాఫ్‌లో 9 దగ్గర ఏమీ లేదు. 74 పక్కన కొండలా లేచింది. అంటే కొత్తగా కొన్న రెండు టైర్లూ వేస్ట్.

ఇంకో పరీక్ష. అదే స్పీడులో క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. వైబ్రేషన్ అలాగే ఉంటే ఇంజిన్ మౌంటింగుల తప్పు కాదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఉంటే కోణం మీద అనుమానం ఇంకా పెరుగుతుంది.

మూడు అంకెలు

ఇప్పుడు కొలత. చదునైన నేల. బండి తన బరువు తన చక్రాల మీదే మోయాలి. ఛాసిస్‌ని జాకీతో లేపితే ఇరుసు వేలాడి అంకెలన్నీ తప్పుతాయి. న్యూట్రల్‌లో పెట్టి నాలుగు చక్రాలకీ రాళ్లు అడ్డం పెట్టండి. కింద దూరడానికి చోటు చాలకపోతే సర్వీస్ పిట్ ఉన్న గ్యారేజీకి వెళ్లండి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం దూరకండి.

గేజ్ మూడు చోట్ల పెట్టాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి బయటికొచ్చే ఫ్లాంజ్, షాఫ్ట్ గొట్టం, వెనక డిఫరెన్షియల్ ముక్కు, అంటే పినియన్ ఫ్లాంజ్. ఫ్లాంజ్ ముఖం నిలువుగా ఉంటుంది కాబట్టి నిలువు నుంచి ఎంత వాలిందో చూసుకోవాలి.

మావాడి అంకెలు ఇవీ. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక్కి 4 డిగ్రీలు దిగింది. షాఫ్ట్ 13 డిగ్రీలు దిగింది. పినియన్ గీత కూడా అదే వాలులో 9 డిగ్రీలు, అంటే ముక్కు పైకి లేచి ఉంది. తీసివేత చేయండి. పై జాయింటు 13లో 4 పోతే 9. కింది జాయింటు 13లో 9 పోతే 4.

తొమ్మిదీ, నాలుగూ! రెండూ సమానంగా ఉండాలని కదా చెప్పుకున్నాం. ఊపు కోణం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కింది 4 డిగ్రీలు పై 9 డిగ్రీల గొడవలో ఐదో వంతు మాత్రమే తీరుస్తాయి. మిగిలింది ఎంతంటే, ఒకే ఒక్క జాయింటు 8 డిగ్రీలు వంగి తిరిగినంత. పేపర్ మీద ఈ లెక్క వేశాక మావాడు కాసేపు ఏం మాట్లాడలేదు. "అంటే అన్నా, మూడు క్రాసులూ నేనే తిన్నానా?" అన్నాడు. షాకిళ్లు తిన్నాయి రా.

షాకిల్ స్ప్రింగుకి వెనక చివర ఉన్న బండిలో దాని పొడవు పెంచితే స్ప్రింగు వెనక భాగం కిందికి దిగి, దాంతోపాటు ఇరుసు కూడా తిరుగుతుంది. పినియన్ ముక్కు పైకి లేస్తుంది. చవకలో ఎత్తు వస్తుంది, ఆ ఎత్తుతో పాటు ఈ తిప్పుడు కూడా వస్తుంది.

షాఫ్ట్ పొట్టిగా ఉంటే ఇంకా కష్టం. అదే 50 మిల్లీమీటర్ల లిఫ్ట్, 140 సెంటీమీటర్ల షాఫ్ట్ ఉన్న బండికి 2 డిగ్రీలే పెంచుతుంది. మావాడి షాఫ్ట్ ఒక జాయింటు నుంచి ఇంకో జాయింటుకి 70 సెంటీమీటర్లకి దగ్గర. దానికి 4 డిగ్రీలు. 50 సెంటీమీటర్ల షాఫ్ట్ అయితే 5.7 డిగ్రీలు. అందుకే వీడియోలో అమెరికా వాడి పొడుగాటి పికప్ ట్రక్కుకి పనిచేసిన లిఫ్ట్ మన పొట్టి జీపుని ఏడిపిస్తుంది.

ఎలా సరిచేయాలి?

మొదటి దారి, చీలికలా ఒక పక్క మందం తగ్గే ఇనుప ప్యాకింగ్. డిగ్రీ షిమ్ అంటారు. కమాన్‌కీ ఇరుసుకీ మధ్య 5 డిగ్రీలది పెట్టి పినియన్ ముక్కు దించితే రెండు జాయింట్లూ 9, 9 అవుతాయి. గొడవ తీరుతుంది. కానీ మొత్తం తీరదు. షాఫ్ట్ వేగాన్ని బట్టి ఒక్కో జాయింటు ఎంత వంగొచ్చో పరిశ్రమలో వాడే లెక్క ఉంది. 2,000 చుట్ల దగ్గర 8.7 డిగ్రీలు, 2,500 దగ్గర 7, 3,000 దగ్గర 5.8. కోణాలు సమానమైనా మధ్యలో ఉన్న షాఫ్ట్ గొట్టం మాత్రం వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూనే తిరుగుతుంది మరి. 9 డిగ్రీలతో హైవే మీద క్రాసులు ఎక్కువ రోజులు ఉండవు.

రెండో దారి, ట్రాన్స్‌ఫర్ కేస్‌ని స్పేసర్లతో 25 మిల్లీమీటర్లు దించడం. వెనక షాఫ్ట్‌కి 2 డిగ్రీలు తగ్గుతుంది. చాలా జీపులకి ఇది చేస్తారు. జిప్సీలో మాత్రం ఆగి ఆలోచించాలి. గేర్‌బాక్స్‌కీ ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ మధ్య ఆ పొట్టి షాఫ్ట్ ఉంది కదా, అది 25 సెంటీమీటర్లు ఉందనుకుంటే 25 మిల్లీమీటర్లు దించగానే దాని వాలు 5 డిగ్రీలకి పైగా మారుతుంది. వెనక గొడవ తీర్చబోయి మధ్యలో కొత్తది పెట్టుకున్నట్టు. పైగా పొట్ట కింద ఖాళీ తగ్గుతుంది. ఆ ఖాళీ కోసమే కదా లిఫ్ట్ వేసింది!

మూడో దారి, పై చివర రెండు జాయింట్లు పక్కపక్కన ఉండే డబుల్ కార్డన్ షాఫ్ట్. పై కోణాన్ని ఆ రెండూ పంచుకుని తమలో తామే తీర్చుకుంటాయి. అప్పుడు పినియన్ ముక్కు సూటిగా షాఫ్ట్ వైపు చూడాలి. తొక్కినప్పుడు ముక్కు కాస్త లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు కిందికి పెడతారు. మంచి పద్ధతి. కాకపోతే ఆర్డర్ మీద చేయించి బ్యాలెన్స్ పట్టించాలి, ఖర్చు గట్టిగానే ఉంటుంది.

నాలుగో దారి ఎవరికీ నచ్చదు. ఎత్తు తగ్గించుకోవడం.

మావాడు రెండు రోజులు ఆలోచించి నాలుగోది పట్టుకున్నాడు. పొడవు షాకిళ్లు తీసేసి కంపెనీవి వేశాడు. కమాన్లకి వంపు తిరిగి పెట్టించి 25 మిల్లీమీటర్లు మాత్రం ఉంచుకున్నాడు. షాఫ్ట్ వాలు 11, పినియన్ మళ్లీ 4, రెండు జాయింట్లూ 7, 7. 80 స్పీడు దాకా లెక్క లోపలే ఉంది. జిప్సీకి అంతకంటే ఏం కావాలి? షాఫ్ట్‌ని గుర్తులు పెట్టి బిగించారు. యూ బోల్టులు కొన్ని రోజులు నడిపాక మళ్లీ టైట్ చేయించాడు. నాలుగో క్రాసు ఆర్నెల్లయినా అలాగే ఉంది. మొన్న పిన్ని ఆ బండిలోనే వికారాబాద్ వెళ్లొచ్చింది. "సీటు ఇంకా గట్టిగానే ఉంది" అని కంప్లయింట్. అది జిప్సీ పిన్నీ, అంతే.

మీది వేరే బండా?

పాత మహీంద్రా మేజర్, ఎంఎం540 జీపులకి ముందూ వెనకా కమాన్లే కాబట్టి పైన చెప్పిందంతా వర్తిస్తుంది. ముందు ఇరుసు పినియన్ లేపితే స్టీరింగ్ క్యాస్టర్ కోణం తగ్గి బండి రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతుందని మాత్రం మర్చిపోకండి. 2020 థార్‌లో ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే ఉంటుంది. అక్కడ లిఫ్ట్ భారం చక్రాలకి వెళ్లే యాక్సిల్ జాయింట్ల మీద పడుతుంది. వెనక ఇరుసుకి కాయిల్ స్ప్రింగులు, లింకులు. పొడవు సర్దుకునే లింకులతో కోణం సరిచేస్తారు. జిమ్నీకి రెండు ఇరుసులూ కాయిల్ స్ప్రింగుల మీదే.

పట్టుదలకి పోయి కోణం సున్నా చేసేయకండి. నీడిల్ బేరింగులు కదలాలంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వంపైనా ఉండాలి. లేకపోతే ఒకేచోట నొక్కి గుంటలు పడతాయి.

వైబ్రేషన్‌తోనే సర్దుకుపోదాం అనుకునేవాళ్లకి ఒక మాట. క్రాస్ పూర్తిగా తెగితే షాఫ్ట్ కింద పడుతుంది. ముందు చివర ఊడి రోడ్డుకి గుచ్చుకుంటే బండి అదుపు తప్పుతుంది. జాయింటు దగ్గర ఎర్ర పొడి, గేరు వేసి క్లచ్ వదలగానే టక్కుమనే శబ్దం, ఈ రెండిట్లో ఏది కనిపించినా హైవే ఎక్కకండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. క్లెయిమ్ వేసినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు కూడా దీన్నే పట్టుకోవచ్చు. లిఫ్ట్ వేయించే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి.

ఇంకా "ఏం మార్చాలి అన్నా?" అని మెసేజ్ పెట్టాలనుకుంటున్నారా? పెట్టండి. దాంతోపాటు మూడు అంకెలు రాయండి: ట్రాన్స్‌ఫర్ కేస్, షాఫ్ట్, పినియన్. షాఫ్ట్ పొడవు కూడా రాస్తే ఇంకా మంచిది. లెక్క కలిసి వేద్దాం.